ఊరి గ్రౌండ్ నుంచి లైవ్!

మ్యాచ్ టీవీలోంచి జేబులోకి వచ్చి చాలా రోజులైంది. ఇప్పుడు కరీంనగర్, ఆదిలాబాద్ పోరగాళ్లు ఆట చూడటమే కాదు, చూపిస్తున్నారు కూడా. ఇందులో సరదా ఎంతుందో, సంపాదనకు దారి ఎంతుందో, ఇరుక్కుపోయే గుంత ఎక్కడుందో చూద్దాం.

పక్కింట్లోంచి ‘సిక్స్’ అని ఒకటే కేక. మీ ఫోన్లో మాత్రం బౌలర్ ఇంకా రనప్ మొదలుపెట్టనే లేదు. ఈ అనుభవం లేని క్రికెట్ అభిమాని మన దగ్గర దొరకడు. పక్కింట్లో ఇంటిమీద డిష్ ఉంది, మీ చేతిలో ఫోన్ ఉంది. తేడా అంతే.

విచిత్రం ఏంటంటే, వాళ్ల టీవీకి వచ్చే సిగ్నల్ దాదాపు 36 వేల కిలోమీటర్ల ఎత్తున ఉన్న ఉపగ్రహం దాకా పోయి రావాలి. అయినా ఆ పోయి రావడానికి పట్టేది సెకనులో పావు వంతే. మీ ఫోన్‌కు వచ్చేది నేల మీది ఫైబర్ దారిలో, ఊరి టవర్ మీదుగా. దూరం తక్కువ, ఆలస్యం ఎక్కువ. ఎందుకంటే స్ట్రీమింగ్ యాప్ వీడియోను నల్లా నీళ్లలా ఏకధారగా పంపదు. కొన్ని సెకన్ల ముక్కలుగా కోస్తుంది. ఒక్కో ముక్కను నాలుగైదు క్వాలిటీల్లో తయారుచేసి సర్వర్లలో పెడుతుంది. మీ ఫోన్ రెండు మూడు ముక్కలు ముందుగా దాచుకున్నాకే బొమ్మ చూపిస్తుంది, మధ్యలో సిగ్నల్ తగ్గినా చక్రం తిరగకుండా. ఈ కోయడం, దాచుకోవడంలోనే పావు నిమిషం, ఒక్కోసారి అర నిమిషం కరిగిపోతుంది. ఈ అర నిమిషం సంగతి గుర్తుపెట్టుకోండి. కింద మళ్లీ అవసరం పడుతుంది.

నెల తేడాలో పటమూ మారింది, ఫోనూ మారింది

2016 సెప్టెంబరు 5న జియో వచ్చింది. అదే ఏడాది అక్టోబరు 11న, దసరా నాడు, కొత్త జిల్లాలు వచ్చాయి. పాత కరీంనగర్ నుంచి జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల. పాత ఆదిలాబాద్ నుంచి నిర్మల్, మంచిర్యాల, కుమురం భీం ఆసిఫాబాద్ విడిపోయాయి. నెల రోజుల తేడాలో మన జిల్లా పటమూ మారింది, మన జేబులో ఫోన్ వాడకమూ మారింది. 2017 మార్చి 31 దాకా డేటా ఫ్రీ. ఆ తర్వాత కొన్ని రోజులకే ఐపీఎల్ మొదలు. అలవాటు అప్పటికే పడిపోయింది.

అంతకుముందు నెట్‌లో మ్యాచ్ లేదా అంటే ఉంది. 2010లోనే ఐపీఎల్‌ను యూట్యూబ్‌లో లైవ్ ఇచ్చారు. కానీ మన దగ్గర ఎవరు చూశారు? బ్రాడ్‌బ్యాండ్ ఉన్న ఇళ్లే వేళ్ల మీద లెక్క. ఉన్నచోట కూడా బొమ్మ కంటే బఫర్ చక్రమే ఎక్కువసేపు కనిపించేది. మనకు నెట్ క్రికెట్ అంటే బంతి బంతికీ అక్షరాల్లో వచ్చే క్రిక్‌ఇన్ఫో, క్రిక్‌బజ్ కామెంటరీయే. క్లాసులో బెంచీ కింద ఫోన్ పెట్టుకుని పేజీ రిఫ్రెష్ కొట్టిన తరం ఇది. “ఎంతైందిరా” అని వెనక బెంచీ నుంచి గొణుగుడు, ముందు బెంచీ నుంచి వేళ్లతో జవాబు.

డబ్బు ఎటు నడిచిందో చూస్తే ఈ మార్పు ఇంకా బాగా అర్థమవుతుంది. 2015 నుంచి మూడేళ్లకు ఐపీఎల్ ఇంటర్నెట్, మొబైల్ హక్కులు 302.2 కోట్లకు అమ్ముడుపోయాయి. అంటే ఏడాదికి వంద కోట్ల చిల్లర. 2022 జూన్‌లో జరిగిన వేలంలో 2023-27 సీజన్లకు మన దేశంలో టీవీ హక్కులు 23,575 కోట్లు పలికితే, డిజిటల్ హక్కుల రెండు ప్యాకేజీలూ కలిపి దాదాపు 23,758 కోట్లు పలికాయి. ఫోన్ టీవీని దాటేసింది. ఏడాది లెక్కన చూస్తే ఏడెనిమిదేళ్లలో నలభై ఏడు రెట్లు. ఏ భూమికైనా ఇంత రేటు పెరిగిందా? కరీంనగర్ బైపాస్‌లో కూడా పెరిగి ఉండదు.

చూసేవాళ్ల లెక్కా అలాగే ఉంది. 2019 ప్రపంచకప్‌లో న్యూజిలాండ్‌తో సెమీఫైనల్‌ను హాట్‌స్టార్‌లో ఒకే సమయంలో 2.53 కోట్ల మంది చూశారు. 2023 నవంబరు 19న ఆస్ట్రేలియాతో ఫైనల్‌కు అది 5.9 కోట్లకు చేరింది. రెండుసార్లూ మనం ఓడిపోయాం, అది వేరే బాధ. ఇంజినీర్లకు మాత్రం ఇక్కడ ఇంకో పాఠం ఉంది. కోట్ల మంది చూస్తున్నప్పుడు సర్వర్‌కు వచ్చే కష్టం కంటే, ధోనీ రనౌట్ కాగానే లక్షల మంది ఒక్కసారి బ్యాక్ బటన్ నొక్కినప్పుడు వచ్చే కష్టం పెద్దది. వీడియో ముక్కలు ఇచ్చే సర్వర్లు ఖాళీ అవుతాయి, హోమ్‌పేజీ ఇచ్చే సర్వర్ల మీద మంద పడుతుంది. జాతరలో దర్శనం దగ్గర కాకుండా బస్టాండ్ దగ్గర తొక్కిసలాట జరిగినట్టు.

ఒకటిన్నర జీబీలో ఎన్ని ఓవర్లు?

2023లో జియోసినిమా ఐపీఎల్‌ను 12 భాషల్లో ఫ్రీగా ఇచ్చింది. ఆ ఏడాది ఫైనల్‌లో ఒకే సమయంలో 3.2 కోట్ల మంది ఉన్నారు. తర్వాత రెండు కంపెనీలూ కలిసిపోయి 2025 ఫిబ్రవరి 14న జియోహాట్‌స్టార్ వచ్చింది. ఫ్రీ రోజులు అయిపోయాయి. 299 రూపాయలు, ఆపైన రీఛార్జ్ చేస్తే 90 రోజులు యాప్ ఫ్రీ అన్నారు. ఫ్రీ అంటే ఫ్రీ కాదన్నమాట. అదే ఒకటిన్నర జీబీ ప్లాన్ 2024 జులైకి ముందు 239 రూపాయలే.

సరే, ఆ రోజుకు ఒకటిన్నర జీబీ మ్యాచ్‌కు సరిపోతుందా? లెక్క కట్టండి. వీడియో సెకనుకు సగటున 1.5 మెగాబిట్లు తింటుంది అనుకుందాం. గంటకు 675 ఎంబీ. అంటే ఒకటిన్నర జీబీ రెండుంబావు గంటల్లో ఖతం. మొదటి ఇన్నింగ్స్ అయిపోయి, బ్రేక్‌లో ప్రకటనలన్నీ చూసి, ఛేజింగ్ పవర్‌ప్లేలో ఉండగానే ‘మీ రోజువారీ డేటా ముగిసింది’ అని మెసేజ్. మ్యాచ్ మొత్తం మూడున్నర గంటలు నడిస్తే కావాల్సింది దాదాపు 2.4 జీబీ. అందుకే మన పోరగాళ్లు క్వాలిటీ తగ్గించి చూస్తారు, ప్రకటనలు రాగానే ఫోన్ పక్కన పడేయకుండా యాప్ మూసేస్తారు. 5జీ సిగ్నల్ ఉండి, రోజుకు 2 జీబీ ప్లాన్ ఉన్నోళ్లకు ఈ బాధ లేదు. కానీ 5జీ సిగ్నల్ అనే మాట కరీంనగర్ టవర్ సర్కిల్‌లో ఒక తీరుగా, నార్నూర్, గాదిగూడ, తిర్యాణి దిక్కు ఒక తీరుగా వినిపిస్తుంది.

ఆదిలాబాద్ ఏజెన్సీలో ఇప్పటికీ సిగ్నల్ కోసం గుట్ట ఎక్కే ఊళ్లున్నాయి. దేశంలో సిగ్నల్ లేని 24,680 ఊళ్లకు 4జీ ఇవ్వడానికి 26,316 కోట్ల పథకాన్ని కేంద్రం 2022 జులైలో ఆమోదించింది. టవర్లు వస్తున్నాయి. వచ్చినచోట కూడా కరెంటు పోతే సిగ్నల్ పోతుంది. అక్కడి పిల్లలు మ్యాచ్‌ను లైవ్ చూడరు, పట్నం పోయొచ్చినోడు డౌన్‌లోడ్ చేసుకొచ్చిన హైలైట్స్‌ను బ్లూటూత్‌లో పంచుకుంటారు. ‘డిజిటల్ విప్లవం’ అని రాసేటప్పుడు మాలాంటోళ్లం మర్చిపోయే ప్రేక్షకులు వీళ్లు.

సెకండ్ షిఫ్ట్ అభిమాని

సింగరేణి ఊళ్లలో ఇంకో రకం అభిమాని ఉంటాడు. గోదావరిఖని, శ్రీరాంపూర్, మందమర్రి, బెల్లంపల్లి. సెకండ్ షిఫ్ట్ అంటే మధ్యాహ్నం 3 నుంచి రాత్రి 11. ఐపీఎల్ మ్యాచ్ రాత్రి ఏడున్నరకు మొదలై, ఆయన బాయి పైకి వచ్చేసరికి దాదాపు అయిపోయి ఉంటుంది. భూగర్భ గనిలోకి ఫోన్ తీసుకుపోనివ్వరు, నిప్పురవ్వ భయం. పైకొచ్చి ల్యాంప్ రూమ్‌లో దీపం అప్పజెప్పి, స్నానం చేసి బయటపడే దాకా ఆయన నోట ఒకటే మాట: “ఎవ్వడు స్కోర్ చెప్పకుర్రి.” బండి స్టాండ్ దగ్గర ఎవడో ఒకడు చెప్పేస్తాడు, లొల్లి అవుతుంది. ఇంటికి పోయి అన్నం తింటూ పన్నెండు నిమిషాల హైలైట్స్. ఒకప్పుడు ఆయనకు దిక్కు మరునాటి పేపరే.

పేపర్ సంగతి వచ్చింది కాబట్టి. ఆదిలాబాద్ దాకా పోవాల్సిన ఎడిషన్ తొందరగా అచ్చు కావాలి. రాత్రి మ్యాచ్ అయితే ‘కడపటి వార్తలు అందేసరికి’ అని సగం స్కోరే వచ్చేది. పాఠకుడు పొద్దున్నే దాన్నే చదివి, ఎవరు గెలిచారో చాయ్ దుకాణంలో కనుక్కునేవాడు. ఇప్పుడు పేపర్ తెరవకముందే అందరికీ స్కోరు తెలుసు. అందుకే ఆటల పేజీలో ‘ఎంత కొట్టారు’ తగ్గి ‘ఎందుకు ఓడారు’ పెరిగింది. అదీ చాలామందికి మ్యాచ్ అయిన పది నిమిషాల్లో యూట్యూబ్‌లో తెలుగు విశ్లేషణగా దొరుకుతోంది. గమనించారో లేదో, ఆ విశ్లేషణల్లో మ్యాచ్ వీడియో ఉండదు, ఫొటోలే ఉంటాయి. వీడియో పెడితే హక్కులున్నోళ్లు స్ట్రైక్ వేస్తారు. 90 రోజుల్లో మూడు స్ట్రైక్‌లు పడితే ఛానల్ పోయినట్టే.

జిల్లా పేజీలకు మాత్రం ఇంకా ఒక పని మిగిలే ఉంది. ‘అంబేద్కర్ స్టేడియంలో జిల్లాస్థాయి కబడ్డీ పోటీలు’ అని నాలుగు లైన్ల వార్త, గ్రూప్ ఫొటో. ఆ కట్టింగ్‌ను ప్లాస్టిక్ కవర్లో పెట్టి సర్టిఫికెట్ల ఫైల్లో దాచుకునే పిల్లలు ఇప్పటికీ ఉన్నారు.

మన యాసలో కామెంటరీ

2018 చివర్లో స్టార్ స్పోర్ట్స్ తెలుగు ఛానల్ వచ్చింది. వెంకటపతి రాజు, ఎమ్మెస్కే ప్రసాద్, వేణుగోపాలరావు లాంటి మాజీ ఆటగాళ్ల గొంతులు ఇంట్లో వినిపించడం మొదలైంది. మొదట్లో మనోళ్లు నవ్వుకున్నారు. ‘కవర్ డ్రైవ్’ను తెలుగులో ఏమనాలి అని జోకులు. కానీ అమ్మలు, నానమ్మలు మ్యాచ్ దగ్గర కూర్చోవడం మొదలైంది ఈ తెలుగు వల్లే. ఇంగ్లిష్ కామెంటరీ రోజుల్లో వాళ్లకు వినిపించేది జనం అరుపే.

నా లెక్కలో ఇంకా రావాల్సింది ఉంది. ఆ కామెంటరీలో మన యాస తక్కువ. కానీ ఏ ఊరి టోర్నమెంట్‌కైనా పోయి మైక్ పట్టుకున్నోణ్ని వినండి. “ఏ పెద్దన్న, గా బాల్ ఎటు వోయింది, బర్రెల కొట్టంల వడ్డదా?” అని నవ్విస్తూ, మధ్యలో చందా ఇచ్చినోళ్ల పేర్లు చదువుతూ, ఎండలో ఎనిమిది గంటలు గొంతు ఆపకుండా మాట్లాడతాడు. స్టూడియోలో కూర్చున్న ఎంతోమందికి చేతకాని పని అది. ఐపీఎల్ 12 భాషల జాబితాలో మరాఠీ ఉంది, అది సరిహద్దు ఊళ్లయిన బేల, జైనథ్ దిక్కు పనికొచ్చింది. గోండి లేదు. ఆదిలాబాద్ ఆకాశవాణి గోండిలో కార్యక్రమాలు ఇస్తుంది. ఒక ఏజెన్సీ వాలీబాల్ ఫైనల్‌కు గోండి కామెంటరీ పెట్టి యూట్యూబ్‌లో ఇవ్వడానికి పెద్ద కంపెనీ అక్కర్లేదు. ఒక మైక్, ఒక ఫోన్, ఇద్దరు మాట్లాడే పిల్లలు చాలు.

మే నెల ఎండలో ఫోన్ కెమెరా

అసలు కథ ఇక్కడే ఉంది. గత కొన్నేళ్లలో మన దగ్గర సంక్రాంతి, దసరా, ఎండాకాలం సెలవుల టోర్నమెంట్లు యూట్యూబ్‌లో లైవ్ రావడం మామూలైపోయింది. టెన్నిస్ బాల్ క్రికెట్, కబడ్డీ, వాలీబాల్. గోదావరిఖని నెహ్రూ స్టేడియం కావచ్చు, ఆదిలాబాద్ ఇందిరా ప్రియదర్శిని స్టేడియం కావచ్చు, వరి కోశాక చదును చేసిన పొలం కావచ్చు.

ఎలా చేస్తారు? బౌలర్ వెనక స్కూల్ బిల్డింగ్ ఉంటే దానిమీద, లేకపోతే ట్రాక్టర్ ట్రాలీ మీద ట్రైపాడ్. దానికి ఒక ఫోన్. క్రిక్‌హీరోస్ లాంటి స్కోరింగ్ యాప్‌లో ఒకడు బంతి బంతికీ నొక్కుతుంటే స్కోరు తెరమీద పడుతుంది. కొంచెం ఓపిక ఉన్నోళ్లు ల్యాప్‌టాప్‌లో ఓబీఎస్ స్టూడియో పెడతారు. అది ఫ్రీ, ఓపెన్ సోర్స్. రెండు కెమెరాలు మార్చుకోవచ్చు, చందా ఇచ్చిన కిరాణా షాపు, ఎరువుల దుకాణం బొమ్మలు మూలకు వేసుకోవచ్చు.

ఇబ్బంది కెమెరా కాదు, అప్‌లోడ్. మనం ఎప్పుడూ డౌన్‌లోడ్ స్పీడే చూస్తాం. 720పీ బొమ్మ తెగకుండా పోవాలంటే సెకనుకు 3 నుంచి 4 మెగాబిట్లు నిలకడగా పైకి వెళ్లాలి. నాలుగు అనుకుంటే గంటకు 1.8 జీబీ, ఎనిమిది గంటల టోర్నమెంట్‌కు 14.4 జీబీ. రోజువారీ ప్యాక్‌తో అయ్యే పని కాదు. అందుకే తెలివైన టీమ్ ఊరి కేబుల్ ఆయన్ని పట్టుకుని రెండు రోజులకు గ్రౌండ్ దాకా ఫైబర్ వైరు లాగించుకుంటుంది. ఆయన పేరు స్కోర్‌బోర్డు కింద రోజంతా తిరుగుతుంది, ఇద్దరికీ లాభమే. ఇంకో సమస్య, ఫైనల్ రోజు గ్రౌండ్‌లో వెయ్యి మంది చేరగానే టవర్ మీద లోడ్ పడి, పొద్దున ఉన్న స్పీడ్ సాయంత్రానికి ఉండదు. సరిగ్గా మ్యాచ్ పాకాన పడ్డప్పుడే బొమ్మ ఆగుతుంది.

ఇక ఎండ. రామగుండం మే నెల గురించి చెప్పాలా? 45 డిగ్రీల్లో ఫోన్ గంటలో వేడెక్కి ‘చల్లబడే దాకా పనిచేయను’ అంటుంది. గొడుగు కట్టడం, వెనకాల తడిబట్ట ఆనించిన స్టీలు ప్లేటు పెట్టడం, రెండు ఫోన్లు మార్చుకుంటూ నడపడం... ఈ చిట్కాలు ఏ ఇంగ్లిష్ ట్యుటోరియల్‌లోనూ ఉండవు.

ఎవరు చూస్తారు ఇవన్నీ? జగిత్యాల, సిరిసిల్ల దిక్కు ఊరి మ్యాచ్ లైవ్ చాట్ తెరవండి, జవాబు అక్కడే ఉంటుంది. దుబాయ్, మస్కట్, దమ్మామ్. “బాబాయ్, కెమెరా జర ఎడమకు తిప్పు, మా ఇల్లు కనవడాలె.” “మనోడు బ్యాటింగా? ఓపెనింగ్ ఎందుకు పంపలే?” మూడేళ్లుగా ఊరు చూడని మనిషి లేబర్ క్యాంపు మంచం మీద పడుకుని తమ్ముడి ఆట చూస్తున్నాడు. ఫస్ట్ ప్రైజ్ డబ్బులు, కప్పులు అక్కడి నుంచే వస్తుంటాయి. ఇంతమంది కూడితే చూసినవాళ్ల సంఖ్య కొన్ని వందలు. ప్రకటనల డబ్బు పెద్దగా రాదు. కానీ ఆ వందల మందికి ఈ మ్యాచ్ ఐపీఎల్ ఫైనల్ కంటే ఎక్కువ.

ఒక్క మాట మాత్రం అనాలి. ఈ లైవ్‌లలో ఆడపిల్లల ఆట చాలా తక్కువ. గురుకులాల్లో, కరీంనగర్, ఆదిలాబాద్ క్రీడా పాఠశాలల్లో కబడ్డీ, హ్యాండ్‌బాల్, అథ్లెటిక్స్‌లో వాళ్లు ఇరగదీస్తున్నారు. కెమెరా మాత్రం టెన్నిస్ బాల్ దగ్గరే ఆగిపోయింది. పక్క జిల్లా నిజామాబాద్ నుంచి నిఖత్ జరీన్ 2022 మేలో ప్రపంచ ఛాంపియన్ అయింది. ఆ బౌట్‌ను మనలో చాలామంది చూసింది వాట్సాప్‌లో తిరిగిన క్లిప్‌లోనే. వరంగల్ జిల్లా కల్లెడ అమ్మాయి జీవాంజి దీప్తి 2024 సెప్టెంబరు 3న పారిస్ పారాలింపిక్స్ 400 మీటర్ల టీ20 విభాగంలో కాంస్యం తెచ్చింది. ఆ పోటీలు జియోసినిమాలో లైవ్ వచ్చాయి కాబట్టి రాత్రిపూట ఫోన్లు పట్టుకుని చూశాం. పదేళ్ల కింద అయితే మరునాడు పేపర్లో ఫొటో చూసేవాళ్లం.

కనపడితేనే ఎంపిక

లైవ్ వల్ల ఆటగాడికి ఏం ఒరుగుతుంది? నటరాజన్ గుర్తున్నాడా? మన సన్‌రైజర్స్‌కు యార్కర్లు వేసినోడు. తమిళనాడులో సేలం దగ్గర ఒక ఊళ్లో టెన్నిస్ బాల్ ఆడి పైకొచ్చాడు. 2016లో మొదలైన తమిళనాడు ప్రీమియర్ లీగ్‌లో టీవీ కెమెరాల ముందు యార్కర్లు వేశాడు. 2017 ఐపీఎల్ వేలంలో పంజాబ్ 3 కోట్లు పెట్టింది. 2020-21 ఆస్ట్రేలియా పర్యటనలో మూడు ఫార్మాట్లలోనూ దేశానికి ఆడాడు. ప్రతిభ ఊళ్లో ఉన్నప్పుడూ ఉంది. ఎంపిక చేసేవాళ్ల కంట్లో పడింది మాత్రం కెమెరా వచ్చాకే.

మన జిల్లాల పిల్లలకు ఆ కెమెరా ఇంకా సరిగ్గా రాలేదు. పెద్ద క్లబ్బుల్లో ఆడాలంటే బ్యాగు సర్దుకుని హైదరాబాద్ బస్సెక్కాల్సిందే. 2024లో మొదలైన టెన్నిస్ బాల్ లీగ్ ఐఎస్‌పీఎల్‌లో హైదరాబాద్ టీమ్ కూడా ఉంది. ట్రయల్స్‌కు పేరు నమోదు ఆన్‌లైన్‌లోనే. ఊరి లైవ్‌లో పడ్డ మీ ఓవర్లను కత్తిరించి, తేదీ, ప్రత్యర్థి జట్టు, స్కోర్‌కార్డ్ లింకు జతచేసి రెండు నిమిషాల వీడియోగా పెట్టుకుంటే కోచ్‌కు పంపడానికి పనికొస్తుంది. స్లో మోషన్, సినిమా పాట వద్దు. పాట పెడితే కాపీరైట్ పడుతుంది, పైగా కోచ్‌కు కావాల్సింది మీ కాలు ఎక్కడ పడిందో, బీట్ కాదు.

అయితే వీడియోను నమ్ముకుని సర్టిఫికెట్‌ను వదలొద్దు. రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగాల్లో 2 శాతం స్పోర్ట్స్ కోటా ఉంది. అక్కడ చూసేది గుర్తింపు ఉన్న సంఘం, గుర్తింపు ఉన్న పోటీ, సరైన ఫారం. లక్ష వ్యూస్ వచ్చిన రీల్‌కు అక్కడ సున్నా మార్కులు. స్కూల్ గేమ్స్, సీఎం కప్, యూనివర్సిటీ పోటీలు బోరు అనిపించినా వదలకండి.

ఆ అర నిమిషం

మొదట్లో చెప్పిన ఆలస్యం గుర్తుందా? ఈ పేజీ చదివేవాళ్లలో కొందరికి ఇది నేరుగా తగిలే విషయం.

‘తర్వాతి బంతికి ఏమవుతుంది’ అని పందెం కట్టించే యాప్‌లు ఉన్నాయి. ఫోన్లో మ్యాచ్ చూస్తూ అందులో డబ్బు పెట్టేవాడు తర్వాతి బంతి మీద పెడుతున్నా అనుకుంటాడు. అతను చూస్తున్నది అర నిమిషం కిందటి బొమ్మ. ఆ బంతి ఎప్పుడో పడిపోయింది. స్టేడియంలో కూర్చుని ఫోన్ చేసేవాడికి, శాటిలైట్ ఫీడ్ చూసేవాడికి, యాప్ నడిపేవాడికి ఫలితం ముందే తెలుసు. ఫలితం తెలిసినోడితో మీరు పందెం కాస్తున్నారు. ఇది అదృష్టం లేక ఓడిపోవడం కాదు, ఇంజినీరింగ్ ప్రకారమే ఓడిపోవడం.

తెలంగాణలో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల మీద 2017 నుంచే నిషేధం ఉంది. దేశం మొత్తానికీ వర్తించే చట్టం 2025 ఆగస్టులో వచ్చింది, 22న రాష్ట్రపతి ఆమోదం పడింది. ఇలాంటి ఆటలు నడిపితే మూడేళ్ల దాకా జైలు, కోటి దాకా జరిమానా. ప్రకటన చేస్తే రెండేళ్లు, 50 లక్షలు. చిన్న ఛానళ్లు నడిపే మిత్రులు ఆ రెండో భాగం మళ్లీ చదవండి. ఊరి టోర్నమెంట్ లైవ్‌లో మూలకు లోగో వేస్తే ఇంత ఇస్తాం అని టెలిగ్రామ్‌లో వచ్చేది ఎక్కువగా ఇలాంటోళ్లే. ఎరువుల దుకాణం ఇచ్చే రెండు వేలు దానికంటే మేలు.

ఆడేవాళ్ల కథలు మనకు తెలియనివి కావు. రీఛార్జ్ డబ్బులతో మొదలై, కాలేజీ ఫీజు, తర్వాత లోన్ యాప్. ఇంట్లో తెలిసేసరికి అప్పు నాన్న జీతం దాటి ఉంటుంది. మీ రూమ్మేట్ రాత్రిళ్లు ఏదో పేరు తెలియని దేశాల లీగ్ మ్యాచ్‌ను చాలా శ్రద్ధగా చూస్తున్నాడంటే, ఒకసారి కూర్చోబెట్టి అడగండి. బెట్టింగ్‌లో డబ్బు పోయి మోసపోయామనిపిస్తే సైబర్ క్రైమ్ నంబర్ 1930కి ఫోన్ చేయొచ్చు.

పని ఎక్కడుంది?

“అన్నా, ఇందులో జాబ్ ఉంటదా?” అని అడిగేవాళ్లకు. ఉంటుంది, కానీ ‘స్పోర్ట్స్ యూట్యూబర్’ అనేది జాబ్ కాదు, లాటరీ. దాని చుట్టూ ఉన్న పనులే జాబ్‌లు.

ఇంజినీరింగ్ వాళ్లయితే వీడియో స్ట్రీమింగ్‌ను సబ్జెక్టుగా పట్టుకోండి. మన కాలేజీల్లో వెబ్ డెవలప్‌మెంట్ అందరూ నేర్చుకుంటారు. ఎఫ్ఎఫ్‌ఎంపెగ్‌తో వీడియోను ముక్కలు కోయడం, హెచ్ఎల్ఎస్ ఎలా నడుస్తుంది, వెబ్ఆర్‌టీసీతో ఆలస్యం ఎలా తగ్గించాలి అన్నవి తెలిసినవాళ్లు తక్కువ. ఇంటర్వ్యూలో ‘మా ఊరి కబడ్డీ ఫైనల్‌ను లైవ్ ఇచ్చాం, ఆలస్యాన్ని ఇంత నుంచి ఇంతకు తగ్గించాం’ అని చెప్పగలిగితే, అది ఏ హాస్పిటల్ మేనేజ్‌మెంట్ సిస్టమ్ ప్రాజెక్టు కంటే గట్టిగా నిలబడుతుంది. డేటా మీద ఇష్టముంటే క్రిక్‌షీట్ అనే సైట్‌లో వేల మ్యాచ్‌ల బంతి బంతి వివరాలు ఫ్రీగా దొరుకుతాయి. పైథాన్ వచ్చినోడికి అది బంగారు గని. ఉప్పల్‌లో రాత్రి మ్యాచ్‌లలో టాస్ గెలిచినోళ్లు ఏం చేస్తే లాభమో మీరే లెక్క తీసి తెలుగులో రాయండి. వీడియో అనలిస్ట్ ఉద్యోగాలు ఈ దారిలోనే మొదలవుతాయి.

డిగ్రీ ఏదైనా పర్లేదు అనుకుంటే స్కోరింగ్ ఉంది. క్రికెట్ సంఘాల స్కోరర్ పరీక్షలు పాసైతే మ్యాచ్‌కు ఇంత అని ఇస్తారు. గొంతు ఉంటే కామెంటరీ. రోజూ ఒక పాత మ్యాచ్‌ను మ్యూట్‌లో పెట్టి పది ఓవర్లు మీ యాసలో మాట్లాడి రికార్డ్ చేయండి, వారం తర్వాత వినండి. కెమెరా పట్టే అలవాటున్న పెళ్లి వీడియోగ్రాఫర్లు మన పట్నాల్లో చాలామందే ఉన్నారు. మూఢం రోజుల్లో ముహూర్తాలుండవు, వాళ్ల కెమెరాలు ఖాళీ. వాళ్లతో మాట్లాడుకుని, ఒక స్కోరర్, ఒక కామెంటేటర్, ఒక నెట్ తెలిసినోడు కలిస్తే నలుగురి టీమ్ అయింది. టోర్నమెంట్‌కు ఇంత అని ముందే మాట్లాడుకోండి. వ్యూస్‌తో వచ్చే డబ్బును లెక్కలో వేసుకోకండి. ఛానల్‌కు వెయ్యి మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో నాలుగు వేల గంటల వ్యూయింగ్ దాటితేగానీ ప్రకటనల వాటా మొదలుకాదు.

ఫోన్ నుంచి నేరుగా లైవ్ ఇవ్వాలంటే ఛానల్‌కు కనీసం 50 మంది సబ్‌స్క్రైబర్లుండాలి. కొత్త ఛానల్‌లో లైవ్ బటన్ నొక్కగానే రాదు, మొదటిసారి అనుమతికి 24 గంటల దాకా పడుతుంది. పోటీ రోజు పొద్దున ఛానల్ తెరిచి కూర్చుంటే పని కాదు. 2025 జులై నుంచి 16 ఏళ్లు నిండనివాళ్లు ఒంటరిగా లైవ్ ఇవ్వడానికీ వీల్లేదు. స్కూల్ పిల్లలైతే పీఈటీ సార్ ఛానల్‌ను వాడుకోండి.

సంక్రాంతి పోటీలకు ఇంకా టైముందంటే ఈ ఆదివారమే గ్రౌండ్‌కు పోండి. ఫైనల్ ఏ సమయంలో ఉంటుందో అదే సమయానికి, కెమెరా పెట్టే చోటే నిలబడి, దొరికిన సిమ్‌లన్నిటితో అప్‌లోడ్ స్పీడ్ చూడండి. సగానికి సగం తగ్గించి లెక్క వేసుకోండి, ఫైనల్ రోజు జనం వస్తారు కాబట్టి. ఆ సగం మూడు మెగాబిట్ల కంటే తక్కువ వస్తే కేబుల్ ఆయన నంబర్ ఎవరి దగ్గరుందో కనుక్కోండి.